ఏడడుగుల లోపల అమ్మ

మొదటి మూడు రీళ్లలో పోయినవి అరవై ఒకటి. రీలుకు ముప్పై ఆరు చొప్పున మొత్తం నూట ఎనిమిది ఫొటోలు తీస్తే నలభై ఏడు నిలిచాయి. పోయినవాటిని నేను పారేయలేదు. ల్యాబ్ వాళ్లిచ్చిన కవర్లలోనే ఉంచి, ఒక్కొక్కటీ ఎందుకు పోయిందో దాని వెనక పెన్సిలుతో రాసుకున్నాను. చెయ్యి వణికి పోయినవి పదిహేడు. వెలుతురు చాలక నల్లబడినవి పద్నాలుగు. రీలు ఎక్కించేటప్పుడు ఎండ తగిలి కాలిపోయినవి మూడు. ఎదుటి మనిషి మరీ దగ్గరికి రావడం వల్ల మసకబారినవి ఇరవై ఏడు.

ఆ ఇరవై ఏడింటిలో పంతొమ్మిది మా అమ్మవి.

ఈ లెక్క చూపించి, వాటిని తీసిన లెన్సు అమ్మేయమని నాకు సలహా ఇచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మలేదు. ఎందుకు అమ్మలేదో, అమ్మకపోవడం వల్ల ఏమైందో చెప్తాను.

తొంభైల నడుమ, కోఠీలో ఒక కెమెరా రిపేరు దుకాణంలో కొన్నాను దాన్ని. పాతదే, కానీ గాజు మీద ఒక్క గీత లేదు. ఇరవై ఎనిమిది నుంచి రెండు వందల మిల్లీమీటర్ల దాకా అన్నీ ఒకే గొట్టంలో. ఇరవై ఎనిమిది దగ్గర పెడితే గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అందరూ పడతారు. రింగు తిప్పి రెండు వందలకు తెస్తే రోడ్డవతల ఆటో దిగుతున్న మనిషి ముక్కుపుడక కనబడుతుంది. మధ్యలో లెన్సు మార్చక్కర్లేదు. అది నాకు కావలసిన గుణం. మేము తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నేను యూనివర్సిటీలో ఒక సైన్సు డిపార్ట్‌మెంటు స్టోరు చూసుకునేవాణ్ణి. గాజు గొట్టాలు, తూనిక రాళ్లు, యాసిడ్ సీసాలు లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం నా పని. ఆదివారం పొద్దున నేను, నా భార్య, తొమ్మిదేళ్ల కూతురు, అమ్మ, నలుగురం నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వెళ్లేవాళ్లం. నా ఒక చేతిలో టిఫిన్ల సంచి, ఇంకో చేతిలో కూతురి సైకిలు. ఆ పిల్ల ఒక నిమిషం నా మోకాలి దగ్గర ఉంటుంది, మరో నిమిషానికి నూరడుగుల అవతల తురాయి చెట్ల కింద ఉంటుంది. ఈ మధ్యలో లెన్సు విప్పి, ఇంకోటి బిగించి, దుమ్ము ఊదుకుంటూ కూర్చుంటే పిల్ల పెద్దదైపోతుంది.

లోపాలు నాకు తెలియవని కాదు. ఎవరికన్నా నాకే ఎక్కువ తెలుసు. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది కానీ స్టోరులో దుమ్ము పట్టిన భౌతికశాస్త్రం పుస్తకాలు, లాగరిథం పట్టికలు నాకు అందుబాటులో ఉండేవి. లెక్క వేసి చూశాను. రెండు వందల దగ్గర ఈ లెన్సు లోపలికి వదిలే వెలుతురు కన్నా, స్టూడియో వాళ్లు వాడే మామూలు యాభై మిల్లీమీటర్ల లెన్సు వదిలేది తొమ్మిదిన్నర రెట్లకు కొంచెం పైనే. క్యాంపస్‌లోని పెద్ద రాతి కాలేజీ ముందు నిలబడి తీస్తే అంచున ఉన్న స్తంభం విల్లులా వంగుతుంది. మెడలో వేలాడదీసుకుంటే గొట్టం తన బరువుకు తానే జారి కిందికి సాగుతుంది. సైకిల్ ట్యూబు ముక్క కోసి దానికి పట్టీ వేశాను. చెయ్యి వణుకు సంగతి కూడా వదల్లేదు. లెన్సు మూతకు చిన్న అద్దం ముక్క అతికించి, ఎండలో నిలబడి, ఆ అద్దం నుంచి గోడ మీద పడే వెలుగు చుక్క ఎంత కదులుతోందో కూతురి చేత స్కేలుతో కొలిపించాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపితే చుక్క కదలిక మూడో వంతుకు తగ్గింది. తరవాతి రీళ్లలో వణికి పోయినవి రెండుకు మించలేదు.

మిగిలినవన్నీ ఇలా సరిచేసుకోగలిగాను. ఒక్కటి మాత్రం నా చేతిలో లేదు. ఆ లెన్సుకు ఆరడుగుల పదకొండు అంగుళాల లోపల ఉన్నది కనబడదు. ఏడడుగులు అనుకోండి. అంతకన్నా దగ్గరికి వస్తే మనిషి మంచులో నిలబడ్డట్టు అవుతాడు. మా ముందు గది పొడవు పది, వెడల్పు తొమ్మిది. ఈ మూల నుంచి ఆ మూలకు పదమూడున్నర అడుగులకు కొద్దిగా తక్కువ. అంటే మా ఇంట్లో ఒకరి ఫొటో తీయాలంటే ఇద్దరూ చెరో మూలకు వెళ్లాలి.

పురికొస ఒకటి ఏడడుగులు కొలిచి, ఒక కొస కెమెరా పట్టీకి కట్టాను. రెండో కొస కూతురు ముక్కు దగ్గర పట్టుకుని, తాడు బిగిశాక వదిలేసేది. వీధిలో ఇలా తీస్తుంటే ఎదురింటి కుర్రవాడు, "గాలిపటమా అన్నా? మాంజ తెమ్మంటవా?" అనేవాడు. అననీ అనుకున్నాను. ఆ తాడు బిగిసి ఉండగా తీసినవాటిలో ఒక్కటి కూడా పోలేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, లాలాగూడలో రైల్వే క్వార్టర్లకు ఎదురుగా ఫొటో స్టూడియో నడిపేవాడు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, బర్త్‌డేలు. నా లెన్సును చేతిలోకి తీసుకుని బరువు చూసి నవ్వాడు.

"బామ్మర్దీ, ఒక్కడే బస్సు నడుపుత, టికెట్లు కొడత, టైరు పంచరైతె నేనే ఏస్త అంటె నువ్వు గా బస్సెక్కుతవా?"

"మా అక్క ఇంట్ల వంట చేస్తది, పిల్లలను చదివిస్తది, నీ స్టూడియో లెక్కలు రాస్తది. అన్ని ఒక్కతే. మరి ఆమెను మార్చమంటవా బావా?" అన్నాను.

లోపలి గదిలోంచి మా అక్క, "మంచిగ అడిగినవ్ రా తమ్మీ!" అని అరిచింది. బావ లెన్సు తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇక అమ్మ సంగతి. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. లాలాగూడ క్వార్టర్లలో అమ్మ ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసింది. నాన్న పోయాక మా దగ్గరికి వచ్చింది. చెవులు సరిగా వినబడవు. ఎదుటివాళ్లు ఏమన్నారో తెలియకపోతే తల ఊపి ఊరుకునే మనిషి కాదు. వినబడేంత దగ్గరికి నడిచి వస్తుంది. ఆ దూరం కూడా నేను కొలిచాను. అడుగున్నర నుంచి రెండడుగులు. నేను మూల నుంచి, "అమ్మా, గాడనే ఉండు, గిట్ల చూడు" అంటాను. "ఏందిరా?" అంటూ అమ్మ వచ్చేస్తుంది. పురికొస ఆమె కాళ్ల దగ్గర వదులుగా పడి ఉంటుంది. వెనక్కి వెళ్లమని చెయ్యి ఊపుతాను. దానికి అర్థం ఏమిటో అడగడానికి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆ ఫొటోల వెనక పెన్సిలుతో "అమ్మ ముందుకు వచ్చింది" అని రాశాను. పంతొమ్మిదిసార్లు అదే మాట.

మూడో రీలు కడిగించుకొచ్చిన రోజు అమ్మ అద్దాలు పెట్టుకుని కవర్లన్నీ ముందేసుకుంది. పోయినవాటితో సహా.

"గిదెవరు?"

"నువ్వే అమ్మా."

"నేనా?" ఇంకోటి తీసింది. ఇంకోటి. "నీ పెండ్లాం మంచిగ పడ్డది. నీ బిడ్డ పడ్డది. గా హాస్టలు కుక్క గూడ పడ్డది, మీసాలతోని సహా. నన్నొక్కదాన్నే పొగ లెక్క చేసినవ్."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు, వినబడలేదో, వినదలచుకోలేదో. బొటనవేలితో గణుపులు లెక్కపెట్టుకుంటోంది. అమ్మకు అంకెలు రాయడం రాదు. ఒక చేతికి పన్నెండు గణుపులు, అది ఆమె పద్ధతి. ఒక చెయ్యి నిండి, రెండో చేతి మూడో వేలు మొదటి గణుపు దగ్గర ఆగింది. పంతొమ్మిది. నాకన్నా త్వరగా తేల్చింది.

"గివన్ని నాకు బాకీ" అంది.

"సరే అమ్మా. పంతొమ్మిది."

నాకు అది సులువైన పని అనిపించింది. అమ్మ దగ్గరికి వస్తే కదా చిక్కు. ఆమెకు తెలియకుండా, రాలేనంత దూరం నుంచి తీస్తే సరి. రెండు వందల మిల్లీమీటర్లు ఉన్నది అందుకే కదా అనుకున్నాను.

ఎండలు ముదిరే ముందు క్యాంపస్‌లో చింతచెట్లు చిగురు వేస్తాయి. అమ్మకు ఆ చిగురు వేసిన పప్పు కావాలి. బజారులో కొన్నది ఆమెకు పనికిరాదు, చెట్టు మీదిదే కావాలి. ఆ ఆదివారం హాస్టళ్లకు వెళ్లే దారిలో, కిందికి వంగిన కొమ్మ ఒకటి చూసుకుని చిగురు దూస్తోంది. వాచ్‌మన్ వచ్చి ఏదో అన్నాడు. అతను అన్నదానిలో సగం ఆమెకు వినబడి ఉండదు, జవాబు మాత్రం రెండింతలు చెప్పింది. నేను నలభై అయిదు అడుగుల దూరంలో కల్వర్టు గోడకు మోచేతులు ఆనించి ఉన్నాను. రింగు చివరిదాకా తిప్పాను. ఊపిరి సగం వదిలి ఆపాను. ఒక్కటే తీశాను.

అలాంటి ఫొటో నేను అంతకు ముందు తీయలేదు. చీర మోకాలి కిందిదాకా ఎగ్గట్టి ఉంది. దోపుకున్న కొంగు నిండా చిగురు. జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది. ఒక చెయ్యి కొమ్మ మీద, ఇంకో చెయ్యి వాచ్‌మన్ వైపు. నోరు తెరిచి ఉంది. కణత మీద ముడతలు లెక్కపెట్టొచ్చు. నేను లెక్కపెట్టాను కూడా.

దాన్ని మొదట అమ్మకు చూపించాలి. చూపించలేదు. ల్యాబ్ నుంచి సరాసరి లాలాగూడ వెళ్లి బావ బల్ల మీద పెట్టాను. ఆయన భూతద్దం తెచ్చి చూశాడు.

"ఏ లెన్సుతోని తీసినవ్?"

"టైరు పంచరైతె తనే ఏసుకునే బస్సుతోని."

బావ నవ్వలేదు. "అబ్బ, మా అత్త అచ్చం గిట్లనే ఉంటది" అన్నాడు. "నెగెటివ్ ఇచ్చిపో. పెద్దది చేసి పెడత."

ఎక్కడ పెడతావని నేను అడగలేదు. అడగక్కర్లేదు. ప్రతి స్టూడియోకు ముందు ఒక అద్దాల షోకేసు ఉంటుంది. పెళ్లికూతుళ్లు, బోర్లాపడ్డ పసిపిల్లలు, వాళ్ల చేతి పనితనానికి సాక్ష్యాలన్నీ అందులో ఉంటాయి. బావ షోకేసులో నా లెన్సుతో తీసిన ఫొటో ఉంటుందన్న సంతోషమే ఆ రోజు నాకు తెలిసింది. నెగెటివ్ ఇచ్చి వచ్చాను.

తొమ్మిది రోజుల తరవాత అక్కను చూడ్డానికని అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. స్టూడియో ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడి షోకేసులోకి చూస్తున్నారు. క్వార్టర్లలో అమ్మకు పాత ఇరుగుపొరుగు. పన్నెండు బై పదిహేను అంగుళాల్లో, రెండు పెళ్లికూతుళ్ల మధ్య, మా అమ్మ.

"ఏం వదినా, గీ వయసుల చెట్లెక్కుతున్నవా? కోడలు తిండి పెడ్తలేదా ఏంది?" అని ఒకావిడ గట్టిగా అడిగింది. వినబడేంత గట్టిగా.

అమ్మ షోకేసు వంక ఒకసారి చూసింది. అక్క ఇచ్చిన చాయ్ ముట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, మెట్టుగూడ దాటాక మాట్లాడింది.

"ముప్పై ఒక్క ఏండ్లు గా గల్లీల కొంగు జారకుంట తిరిగిన. నల్లా కాడ లొల్లైనా కొంగు జారనియ్యలే."

"అమ్మా, ఫొటో మస్తుగున్నది. బావే అన్నడు..."

"మస్తుగుంటె నువ్వు దిగు గట్ల. లుంగీ ఎగ్గట్టి, నోరు తెరిచి. దిగి లాలాగూడ నడిమిట్ల పెట్టించుకో."

నాకు అప్పుడు నోరు మూసుకోవాలని తోచలేదు. లెక్క ఒకటే తోచింది. "పంతొమ్మిదిల ఒకటి తీరింది కదమ్మా" అన్నాను, ఆమె చెవి దగ్గర.

అమ్మ నా వైపు తిరిగింది. "దొంగతనం చేసి తెచ్చి బాకీ కడతవారా?"

ఆ తరవాత, ఇక ఆ గొట్టం ముందుకు తను రానని, వస్తే ఒట్టని చెప్పింది.

మర్నాడు స్టోరుకు గంట సెలవు పెట్టి బావ దగ్గరికి వెళ్లాను.

"తియ్యి బావా."

"ఎందుకు తియ్యాలె? పొద్దుగాల్నుంచి నలుగురు ఆగి అడిగిండ్రు. నువ్వే కద ఇచ్చినవ్?"

"నేనే ఇచ్చిన. ఇచ్చెతందుకు అది నాది కాదు."

ఆయనకు కోపం వచ్చింది. కానీ తాళం తీశాడు. పెద్దదీ, నెగెటివూ రెండూ తీసుకుని వచ్చాను. పెద్దదాన్ని గోడకు తిప్పి బీరువా వెనక పెట్టాను. అందులో ఉన్నది మంచి ఫొటో అని నేను ఇప్పటికీ అంటాను. దాని మంచితనం నా తప్పుకు జవాబు కాదని కూడా అంటాను.

తరవాతి రెండు రీళ్లలో, డెబ్భై రెండు ఫ్రేముల్లో, అమ్మవి సున్నా. నేను కెమెరా సంచి జిప్పు తీస్తే చాలు, ఆ చప్పుడు వినబడని మనిషికి ఎలా తెలిసేదో గానీ, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. క్యాంపస్‌లో అయితే కొంగు ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి కూర్చునేది. ఆల్బంలో మా ఇంట్లో ముగ్గురే ఉన్నారు. తెలియనివాళ్లు చూస్తే మా అమ్మ పోయిందనుకుంటారు. అది నాకు నిద్రపట్టనివ్వలేదు. నా దగ్గర కెమెరా ఉంది, చేతి వణుకు పోయింది, ఎదురుగా అమ్మ ఉంది, ఆల్బంలో లేదు.

ఒక ఆదివారం బావే మా ఇంటికి వచ్చాడు, జేబులో ఒక యాభై లెన్సు పెట్టుకుని.

"ఇగో, ఉంచుకో. పైసల మాట ఎత్తకు. దీనితోని అడుగున్నర కాడికెళ్లి తీయొచ్చు. అత్త మీది మీదికొచ్చినా ఫికర్ లేదు. కొత్త లెన్సు, కొత్త ముచ్చట అని చెప్పు, దిగుతది."

న్యాయంగా చెప్పాలంటే అది సరైన మందే. నేను లెక్క వేసుకున్నాను కూడా. అయినా తీసుకోలేదు. బావ వెళ్లాక నా భార్య నా ముందు నిలబడింది. ఆమె బడిలో టీచరు. ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా కదలదు.

"అమ్మకన్న గా గొట్టమే ఎక్కువనా నీకు?"

"కాదు."

"మరి ఎందుకు తీసుకోలే?"

"లాలాగూడకు ఫొటో పట్టుకొని పోయింది గొట్టం కాదు. నేను పోయిన. ఇప్పుడు లెన్సు మారిస్తె, తప్పంత దాని మీదికి పోతది. అమ్మ గూడ గట్లనే అనుకుంటది. నేను మంచోణ్ణి అయిపోత."

"నీ మొండితనానికి గూడ ఏమన్న కొలత ఉన్నదా? అడుగులల్లనా, అంగుళాలల్లనా?"

మొండితనం ఉందని ఒప్పుకుంటాను. కానీ ఇంటి ఫొటోలు తీసేవాడికి ఒక్క లెన్సు చాలని, దాని లోపాలు మనం నేర్చుకుంటే అది మన ఇంటి మనిషి అవుతుందని అందరితో వాదించినవాణ్ణి నేను. ఇంట్లో మొదటి కష్టానికే దాన్ని పక్కన పెట్టేస్తే, ఆ వాదనంతా బావతో పంతం కోసమే చేసినట్టవుతుంది.

వానాకాలం మొదలయ్యాక, ఒక ఆదివారం, రాతి కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తిన్నాం. భార్యా కూతురూ నేరేడు పళ్లు ఏరుకోవడానికి వెళ్లారు. అమ్మా నేనూ మిగిలాం. కెమెరా సంచి మా మధ్య ఉంది. నేను సంచిని అవతలికి జరిపి, అమ్మ పక్కకు వచ్చి కూర్చున్నాను, ఆమెకు వినబడే దూరంలో. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఏడడుగుల సంగతి నేను బావకు చెప్పాను, ల్యాబ్ వాళ్లకు చెప్పాను, స్టోరుకు వచ్చే రీసెర్చి పిల్లలకు బొమ్మ గీసి చెప్పాను. అమ్మకు చెప్పలేదు.

"అమ్మా, దీనికి దగ్గరిది కనబడది. ఏడడుగుల అవతల ఉంటెనే కనబడతది. నువ్వేమో ప్రతిసారి దగ్గరికొస్తున్నవ్. అందుకే మసక."

"నువ్వు పిలుస్తున్నవ్ కదరా."

నేను టిఫిన్ గిన్నెకు మూత పెట్టాను.

"పిలుస్తె రాకుంట ఎట్లుంట?" అంది అమ్మ.

పంతొమ్మిదీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాను. ముందు గదిలో ఆరు, వాకిట్లో నాలుగు, క్యాంపస్‌లో తొమ్మిది. ప్రతిదానిలోనూ నేను పిలిచాను. గిట్ల చూడు, గాడనే ఉండు, నవ్వు. వెలుతురు కొలిచాను, దూరం కొలిచాను, వణుకు కొలిచాను. నా గొంతును లెక్కలో వేసుకోలేదు. ఫొటోల వెనక రాసిందంతా తప్పు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక రబ్బరుతో తుడిచి, పంతొమ్మిదింటి మీదా "నేను పిలిచాను" అని దిద్దాను.

"దానికి దగ్గరిది కనబడది. నాకు దూరంది వినబడది," అంది అమ్మ, కెమెరా సంచిని చూస్తూ. "నడిమిట్ల నువ్వెందుకు ఒర్రుతున్నవ్ రా?"

నాకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వలేదు, కానీ ముఖం అటు తిప్పుకోలేదు. నేను లాలాగూడ సంగతి ఎత్తాను. ఫొటో ముందు నీకు చూపించకుండా బావకు చూపించాను, ఆయన మీద గెలవాలని చేశాను, తప్పు నాది, లెన్సుది కాదు అన్నాను. ఇదంతా చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మెట్ల మీద కూర్చున్న కాలేజీ పిల్లలు నలుగురు తలలు తిప్పి చూశారు. చూడనీ అనుకున్నాను. లాలాగూడలో ఆమెను ఎంతమంది చూశారో.

అమ్మ షరతులు చెప్పింది. ఆమె చెప్పిన వరసలోనే చెప్తాను. తీసే ముందు పక్కన కూర్చుని అడగాలి. ఆమె కొంగు సర్దుకుని, సరేనన్నాకే లేవాలి. రీలుకు ఒక్కటే; "మిగిలినయన్ని పిల్లకు తియ్యి." వచ్చిన ఫొటో ఆమె చూసి ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుంది.

"ఇంగ గా చింతచెట్టు ఫొటోకు దండుగ ఒకటి," అంది.

"అంటె ఇరవై."

"ఇరవై" అంది అమ్మ.

అప్పుడే అడిగాను, తీయనా అని. కొంగు సర్దుకుంది. ముడి విప్పి మళ్లీ వేసుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని సరేనంది. నేను లేచి మెట్లు దిగి వెనక్కి నడిచాను. పది అడుగుల దగ్గర ఆగి, రింగు వంద దాకా తిప్పి, ఎడమ చెయ్యి పైకెత్తాను. నోరు తెరవలేదు. అమ్మ సూటిగా గాజులోకి చూసింది. నవ్వలేదు. నవ్వమని చెప్పే మనిషి ఎవరూ లేరు. ఆమె రెప్ప వేసేదాకా ఆగి, వేసి తెరిచాక మీట నొక్కాను.

"అయిపాయెనా?" అని అరిచింది.

అయిందని చెప్పడానికి నేనే దగ్గరికి వెళ్లాను.

ఆ ఫొటో వచ్చిన రోజు అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ముందుకు పెట్టి, వెనక్కి పెట్టి చూసింది.

"నా ముక్కు గింత పెద్దగున్నదా?"

"ఉన్నది అమ్మా."

"మీ నాయిన ఒక్కనాడు చెప్పలే" అంది. బొటనవేలు మొదటి గణుపు మీద పెట్టింది.

లెన్సు ఇంకా నా దగ్గరే ఉంది. ట్యూబు పట్టీ మూడుసార్లు మార్చాను. స్తంభాలు ఇంకా వంగుతున్నాయి, వంగనీ. బావ కూడా పెళ్లిళ్ల గుంపులో తిప్పలు పడలేక అలాంటిదే ఒకటి కొన్నాడు. "బస్సు కొన్నవా బావా?" అని ఒక్కసారి అడిగాను, అంతే. ఆయన ఒకరోజు అమ్మతో, "అత్తా, స్టూడియోకు రా, మిగిలినయన్ని ఒక్క పూటల తీసి నీ కొడుకు బాకీ నేను తీరుస్త" అన్నాడు. అమ్మ ఆయన్ను దగ్గరికి పిలిచి, మళ్లీ చెప్పించుకుని విని, "నీకేం తొందరొచ్చింది? బాకీ నీదా?" అంది.

ఆ మెట్ల మీద మొదలుపెట్టి ఇప్పటికి తొమ్మిది రీళ్లయ్యాయి. తొమ్మిదిసార్లు పక్కన కూర్చుని అడిగాను, తొమ్మిదిసార్లు నోరు మూసుకుని తీశాను. ఒకదానిలో కళ్లు మూసుకుందని, ఒకదానిలో జాకెట్టు రంగు తప్పు వచ్చిందని రెండు కొట్టేసింది. రెండో దానికి నేను అభ్యంతరం చెప్పాను. రంగు తప్పు ల్యాబ్‌ది. ఆమె వినలేదు. ఒప్పుకున్నవి ఏడు. ఇరవైలో ఏడు పోతే, ఈ రోజుకు మా అమ్మకు నేను పడ్డ బాకీ పదమూడు.